అప్‌డేట్: ‘పప్పీ లవ్’ అసలు ఎవరిదో తెలిసింది

మా నాన్నగారి పాత క్యాసెట్‌లో అమెరికన్ గాయకుడు డానీ ఆస్మండ్ పాడిన ‘పప్పీ లవ్’ విని, ఇది అతని సొంత పాటేనా అని పోయినవారం అడిగాను కదా. కాదండీ. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.

రాసిందీ, 1960లో మొదట పాడిందీ కెనడా కుర్రాడు పాల్ అంకా. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. డిస్నీ టీవీ షోతో పేరు తెచ్చుకున్న అన్నెట్ ఫ్యూనిచెల్లో మీద ఇష్టంతో రాశాడట. ‘మీది చిన్నపిల్లల ప్రేమ’ అని పెద్దలు కొట్టిపారేస్తుంటే ఆ వయసు మనసు పడే బాధే పాటంతా. అది తెలిశాక మళ్లీ వింటే గొంతు పట్టేసింది. ఆ అన్నెట్టే అదే ఏడాది అంకా పాటలతో ఒక ఆల్బమ్ పాడింది! నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే.

అంకా పాట అమెరికా హిట్ పాటల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. 1972లో పద్నాలుగేళ్ల డానీ పాడినది అక్కడ మూడో స్థానంలో ఆగినా, బ్రిటన్‌లో ఐదు వారాలు నంబర్ వన్.

నాన్నగారికి నిన్న రెండూ వరసగా వినిపించాను. ఆయన ఓటు ఇప్పటికీ డానీకే. నాకు మాత్రం అంకా గొంతే నిజమనిపిస్తోంది.