కంచెలు మారిస్తే గుర్రాల ప్రాణాలు నిలుస్తాయా?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లో గుర్రాలు కంచెలు దూకుతూ పరుగెత్తే గ్రాండ్ నేషనల్ రేసు చూసినప్పుడల్లా నాకు టెన్షనే. 2012లో ఒక్క రేసులోనే రెండు గుర్రాలు చనిపోయాయి, ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా. ఆ కంచెల్ని మార్చలేరా?

జవాబు 1:
మార్చారండీ. 2013 నుంచి ఆ రేసు జరిగే ఎయింట్రీ మైదానంలో కంచెల లోపల ఉండే గట్టి కర్ర చట్రం తీసేసి, వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు. పైన స్ప్రూస్ చెట్టు కొమ్మలు మామూలే. గుర్రం కాస్త తక్కువ ఎత్తు ఎగిరి పొట్ట తగిలినా కొమ్మలు రాలతాయి, పుల్లలు వంగుతాయి, కాళ్లు తట్టుకుని బోర్లా పడే ప్రమాదం తగ్గుతుంది.

జవాబు 2:
రంగు సంగతి కూడా చెప్పాలి. ఇదివరకు కంచెలకు వేసే నారింజ రంగు మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది గానీ గుర్రం కంటికి పచ్చగడ్డిలో కలిసిపోతుంది. ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధన తర్వాత బ్రిటన్‌లో కంచె మొదట్లో ఉండే పలకకు తెల్లరంగు వేస్తున్నారు. దూకేది గుర్రమైతే ఇన్నేళ్లూ మనిషి కంటికి తగ్గట్టు రంగు వేయడం ఏంటసలు!

జవాబు 3:
కంచె ఒక్కటే చాలదు. మెత్తగా ఉందని ఇంకా వేగంగా దూకిస్తే మళ్లీ ప్రమాదమే. 2024లో మొదటి కంచెను స్టార్టుకు 60 గజాలు దగ్గరగా జరిపింది, అక్కడికి చేరేలోపు గుర్రాలు మరీ వేగం అందుకోకూడదనే. గుర్రాల్ని కూడా 40 నుంచి 34కి తగ్గించారు. నాకైతే అదీ ఎక్కువే, ముందుది పడితే వెనక వచ్చేదానికి తప్పుకునే చోటే ఉండదు.