సొంత పాటే కదా అని స్టేజీ మీద బాణీ మార్చేయొచ్చా?

అలసిన గిటార్:
డాలస్ చుట్టుపక్కల అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ కచేరీ పడితే వెళ్దామని మా ఆవిడ, వద్దని నేను. డబ్బు గురించి కాదు (అదీ కొంత ఉందనుకోండి). పాత పాటల్ని ఆయన రికార్డులో ఉన్నట్టు పాడరని అందరికీ తెలిసిందే. బాణీ మారుతుంది, నడక మారుతుంది, ఒక్కోసారి చరణం సగానికొస్తే గానీ అది ఏ పాటో తెలియదు. ఏళ్ల తరబడి ఇయర్‌ఫోన్లలో విన్నదాన్ని ఆ మనిషి నోట ఒక్కసారి విందామని వెళ్లేవాడికి ఇది న్యాయమేనా? పైగా 2016లో నోబెల్ ఇచ్చింది సాహిత్యానికి. ఆ మాటలే చెవిన పడకపోతే ఇంకేం మిగిలింది? రాసింది ఆయనే, కాదనను. కానీ జనంలోకి వెళ్లిన పాట మీద జనానికీ కొంత హక్కుంటుందని నా వాదన.

పాత రేడియో:
రికార్డే కావాలంటే అది ఇంట్లోనే ఉంది కదండీ.

కృష్ణలంక కుర్రాడు:
ఈ గొడవకి అరవై ఏళ్లు. 1965 జూలైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవానికి మామూలు గిటార్ వదిలి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకొచ్చాడనే కొందరు గోల చేశారు. 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో అయితే ఒకాయన ఏకంగా 'జూడాస్' అని అరిచాడు. ఏసును పట్టించినవాడి పేరది, ఇక తిట్టడానికి ఏం మిగిలింది? అతని బాధా మీ బాధే సార్: నాకు నచ్చింది నచ్చినట్టే ఉండాలి. డిలన్ విన్నాడా? బ్యాండును ఇంకా గట్టిగా వాయించమన్నాడు. ఆ కచేరీయే 1998లో అధికారికంగా ఆల్బంగా వచ్చింది, ఇప్పుడు అందరం నెత్తిన పెట్టుకుంటున్నాం.

నందివర్ధనం:
అలసిన గిటార్ గారి మాట అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా తాతగారి ఊళ్లో శ్రీకృష్ణ రాయబారం ఆడితే జనం 'వన్స్ మోర్' అనేది ఆ పద్యమే మళ్లీ వినాలని. కృష్ణుడు కూడా సంధి సంగతి పక్కనబెట్టి మళ్లీ అందుకునేవాడు. తెలిసిన పద్యం తెలిసిన చోట రావడంలో ఒక సుఖం ఉంది. దాన్ని పామరత్వం అనడం నాకు నచ్చదు.

పాత రేడియో:
రెండోసారి రాగం ఇంకాస్త లాగి, కొత్త సంగతులు వేసేవారు కాబట్టే మళ్లీ అడిగేవారు అమ్మా! గోరటి వెంకన్న గారిని వేదిక మీద చూడండి. రాసేదీ ఆయనే, పాడేదీ ఆయనే, ఆడేదీ ఆయనే. మధ్యలో ఆపి మనతో మాట్లాడతారు కూడా. క్యాసెట్టులో లేదని ఎవరైనా అలిగారా?

అలసిన గిటార్:
వెంకన్న గారి పాటలో ఒక్క మాట జారిపోదు. నేనడిగేదీ అదే.

లెక్కల మాస్టారు:
'పాట ఆయనదే' అనేవాళ్లకి చిన్న మనవి. 2020 డిసెంబర్లో తన పాటల రచన హక్కుల్ని ఆయన యూనివర్సల్ అనే మ్యూజిక్ కంపెనీకి అమ్మేశారు. చట్టం ప్రకారం చూస్తే ఇద్దరి వాదనా పోయింది :)

వానకోయిల:
ఆయన కచేరీకి వెళ్లినదాన్ని కాబట్టి చెబుతున్నా. 2021 నవంబర్లో మిల్వాకీలో మొదలైన టూరుకు 'రఫ్ అండ్ రౌడీ వేస్' అని 2020 నాటి ఆల్బం పేరే పెట్టారు. పాడినవాటిలో దాదాపు సగం అందులోవే. అంటే టికెట్ అమ్మేటప్పుడే విషయం చెప్పేశారు. ఇక బాణీలంటారా, 1941లో పుట్టిన మనిషి గొంతులో పాతికేళ్లవాడి శ్రుతి ఎక్కడి నుంచి వస్తుంది? చాలా ఏళ్లుగా ఆయన కూర్చునేది ఎక్కువగా పియానో ముందే. గిటార్ మీద కట్టిన పాట పియానోకి మారితే, గొంతు కిందికి దిగితే, ఎత్తుకునే చోటూ ఆపే చోటూ మారక తప్పదు. పాత శ్రుతినే పట్టుకు వేలాడితే తనను తనే అనుకరించుకున్నట్టు ఉంటుంది. కొత్త పాటలు సగం మాట్లాడుతున్నట్టే ఉంటాయి, నాకు ప్రతి మాటా వినపడింది. పాత హిట్ల కోసమే అయితే మాత్రం, నిజంగానే, వెళ్లకండి.

నందివర్ధనం:
ఫోన్లు లాక్కుంటారట కదా? ఇంట్లో చంటిపిల్లను వదిలి వెళ్లేవాళ్లు ఏం చేయాలి?

వానకోయిల:
లాక్కోరు. తాళం పడే సంచిలో పెట్టి మన చేతికే ఇస్తారు. అవసరమైతే బయట లాబీలోకి వెళ్లి తీయించుకోవచ్చు.

కృష్ణలంక కుర్రాడు:
అప్పుడూ ఇలా రికార్డింగు ఆపేసి ఉంటే ఆ 'జూడాస్' అరుపు మనకి దక్కేదా?

లెక్కల మాస్టారు:
అది రికార్డు కంపెనీవాళ్లే చేసుకున్న రికార్డింగు బాబూ. ప్రేక్షకులెవరో దొంగచాటుగా తీసింది కాదు.

అలసిన గిటార్:
వానకోయిల గారూ, గొంతు సంగతి ఒప్పుకున్నా. కానీ 1966లో ఆయనకి పాతికేళ్లేగా, అప్పుడూ మార్చాడు! అది వయసు వల్ల కాదు, పట్టుదల. పోనీ, 'పాత పాటలు పాత బాణీలో ఉండవు' అని ముందే అచ్చు వేయొచ్చు కదా.

వానకోయిల:
వేశారండీ. ఏదీ ఒకప్పటిలా లేదు అనే అర్థం వచ్చే మాట ఆ టూరు పోస్టరు మీదే ఉంది.

అలసిన గిటార్:
పోస్టరు ఎవరు చదువుతారండీ, పేరు చూసి కొంటాం. మా ఆవిడకి మాత్రం ఇది చూపించకండి.