కల్ట్‌ల మీద వచ్చిన సినిమాల్లో సభ్యుల మనసు నిజంగా కనిపిస్తోందా?

ప్రశ్న – తెరచాటు:

కల్ట్‌ల (ఒక నాయకుడికి పూర్తిగా లోబడి బతికే గుంపుల) నేపథ్యంలో వచ్చిన కథాచిత్రాలను, డాక్యుమెంటరీలను కొంతకాలంగా శ్రద్ధగా చూస్తున్నాను. వాటిలో చాలావరకు నాకు ఒకే రకమైన అసంతృప్తిని మిగిల్చాయి. కెమెరా ఎప్పుడూ నాయకుడి చుట్టూనే తిరుగుతుంది. అతని చూపు, గొంతు, అతని మాటకు ఊగిపోయే జనం కనిపిస్తారు, చివర్లో నెత్తురో నిప్పో చూపించి కథ ముగిస్తారు. ఆ జనంలోని ఒక మనిషి ఏ లోటుతో అక్కడికి వచ్చాడో, తన విచక్షణను ఎప్పుడు ఎంత మేరకు వదులుకున్నాడో, బయటపడ్డాక పొద్దున్నే లేచి ఏం చేయాలో తనంతట తాను నిర్ణయించుకోలేక ఎంత అవస్థ పడ్డాడో చూపే ఓపిక చాలామంది దర్శకులకు ఉండటం లేదు. "నేనైతే ఇలాంటి చోట చిక్కుకునేవాణ్ణి కాదు" అన్న ధీమాతో ప్రేక్షకుడు లేచి వెళ్లగలిగితే ఆ సినిమా తన పని చేయలేదనే నా అభిప్రాయం. ఆ ధీమాను కదిలించిన చిత్రాలు మీ దృష్టికి వచ్చి ఉంటే, వాటిలో సభ్యుల మనసు ఎక్కడ పట్టుబడిందో దయచేసి వివరంగా రాయండి.

అక్షరదీపం:

బయటపడిన తర్వాతి కాలం విషయంలో నాకు ముందుగా గుర్తొచ్చేది 2011లో షాన్ డర్కిన్ తీసిన 'మార్తా మార్సీ మే మార్లీన్'. ఆ కథ పారిపోవడంతోనే మొదలవుతుంది. మార్తా తన అక్క దగ్గరికి చేరుతుంది గానీ, ఇన్నాళ్లూ ఎక్కడ ఉందో చెప్పలేకపోతుంది. గతానికీ వర్తమానానికీ మధ్య ఏ గుర్తూ పెట్టకుండా దర్శకుడు దృశ్యాలను కలిపేయడం వల్ల, ఆమె ఇప్పుడు ఏ ఇంట్లో ఉందో, ఎవరి అడుగుల చప్పుడు వింటోందో మనకూ కాసేపు అంతుపట్టదు. జరిగిన విషయాన్నీ భయం వల్ల ఊహించుకున్నదాన్నీ విడదీయలేని స్థితి ఎలా ఉంటుందో వివరించే సంభాషణ అక్కర లేకుండానే అది మనకు అనుభవంలోకి వస్తుంది.

నన్ను అంతకంటే ఎక్కువ కలచివేసింది మరొకటి ఉంది. నాయకుడు మొదటి పరిచయంలోనే ఆమె పేరు మారుస్తాడు. ఆ తర్వాత తిండి వేళలు, పడక, చివరికి శరీరం కూడా గుంపు చేతుల్లోకి పోతాయి. తనపై అఘాయిత్యం జరిగిన కొంతకాలానికి, కొత్తగా వచ్చిన మరో అమ్మాయిని అదే అఘాయిత్యానికి సిద్ధం చేసేది మార్తానే. బాధితురాలు ఒక దశలో భాగస్వామి కూడా అవుతుందన్న ఈ నిజాన్ని చూపడానికి చాలా సినిమాలు వెనకాడతాయి. బయటికి వచ్చినవాళ్లు నోరు విప్పలేకపోవడానికి భయం ఎంత కారణమో ఈ సిగ్గు కూడా అంతే కారణమని నేను నమ్ముతున్నాను.

నదీతీరం:

చేరడం గురించి చెప్పాలంటే పాల్ థామస్ ఆండర్సన్ 2012లో తీసిన 'ది మాస్టర్'ను తప్పక చూడాలి. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి ఏ ఉద్యోగంలోనూ నిలవలేని ఫ్రెడ్డీని నాయకుడు ఎదురుగా కూర్చోబెట్టి, అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతాడు; రెప్ప వేస్తే మొదటికి రావాలన్న నియమం పెడతాడు. అది హింసలాగే ఉంటుంది, కానీ ఒక మనిషి తన గురించి అంత శ్రద్ధగా అడగడం ఫ్రెడ్డీకి దొరకని భాగ్యం కాబట్టి, ఇంకా అడగమనే అతను కోరుకుంటాడు. నాయకుడి సొంత కొడుకే తండ్రి ఇదంతా అప్పటికప్పుడు అల్లుతున్నాడని చెప్పినా ఫ్రెడ్డీ వెళ్లిపోడు. బోధ నిజమా అబద్ధమా అన్నది అతనికి అసలు ప్రశ్నే కాదు.

అరి ఆస్టర్ తీసిన 'మిడ్‌సొమ్మార్' (2019) భయానక చిత్రమే అయినా, ఈ విషయంలో మీ ధీమాను కదిలిస్తుందని అనుకుంటున్నాను. కుటుంబాన్నంతా ఒక్కసారిగా పోగొట్టుకున్న డానీ ఏడుపును ప్రియుడు భారంగా భావిస్తే, ఆ పల్లె స్త్రీలు ఆమె చుట్టూ చేరి ఆమెతో పాటే గొంతెత్తి ఏడుస్తారు. ఆ ఆప్యాయత ఎటు తీసుకెళ్తుందో తెలిసి కూడా, ఆమెకు ఇప్పటికైనా తోడు దొరికిందని మన మనసు ఊరట పడుతుంది.

వెన్నెలబాట:

నదీతీరం గారూ, 'మిడ్‌సొమ్మార్' విషయంలో మీతో ఏకీభవించలేను. ఆ ఏడుపు దృశ్యం గొప్పదే, కానీ సినిమా పొడవునా పాత్రలకు ఏదో ఒక మత్తు పానీయం ఇస్తూనే ఉంటారు. అందువల్ల లొంగడానికి మత్తే కారణమన్న సాకు ప్రేక్షకుడికి దొరుకుతుంది. మా దగ్గరి బంధువు ఒకరు ఇలాంటి గుంపులో కొన్నేళ్లు గడిపి వచ్చారు. అక్కడ ఏ మత్తూ లేదు. నిద్ర తక్కువ, పని ఎక్కువ, ఒంటరిగా ఆలోచించుకునే సమయం అసలే లేదు. ఏ సందేహానికైనా సమాధానంగా చెప్పే మాటలు ముందే తయారుగా ఉండేవి. చైనాలో నిర్బంధంలో 'ఆలోచనల సంస్కరణ'కు, అంటే బలవంతంగా నమ్మకాలు మార్చే ప్రక్రియకు గురైనవారిని అధ్యయనం చేసిన మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, 1961లో వెలువరించిన పుస్తకంలో వివరించిన లక్షణాల్లో ఆలోచనకు చోటివ్వని ఇలాంటి తయారు మాటల భాష కూడా ఒకటి. సినిమాలో దీన్ని చూపడం కష్టం, ఎందుకంటే అది దృశ్యం కాదు, అలవాటు.

అందుకే నాకు డాక్యుమెంటరీల మీదే గురి ఎక్కువ. 1978 నవంబరు 18న, దక్షిణ అమెరికాలోని గయానాలో జిమ్ జోన్స్ అనే నాయకుడి గుంపు నివసించిన జోన్స్‌టౌన్‌లో 900 మందికి పైగా చనిపోయారు, వారిలో దాదాపు మూడో వంతు పిల్లలు. అందరూ తమంతట తాము విషం తాగినట్టు లోకంలో ఒక మాట స్థిరపడిపోయింది గానీ, విషం ముందుగా పిల్లలకే పట్టించారు, చుట్టూ సాయుధ కాపలా ఉంది. స్టాన్లీ నెల్సన్ 2006లో తీసిన డాక్యుమెంటరీలో బతికి బయటపడ్డవాళ్లు తాము ఎందుకు చేరారో చెబుతారు. జాతి వివక్ష లేని చోటు కావాలని కోరుకుని వాళ్లు వెళ్లారు. ఆ కోరికలో తప్పేముంది?

తెరచాటు:

అందరికీ కృతజ్ఞతలు. వెన్నెలబాట గారు చెప్పిన భాష సంగతి నేను ఇంతవరకు గమనించలేదు. సభ్యులను బలవంతంగా బయటికి తెచ్చే ప్రయత్నాలను, వెనక మిగిలిన కుటుంబాలను చూపిన చిత్రాలు ఏవైనా ఉన్నాయా?

అక్షరదీపం:

జేన్ కాంపియన్ తీసిన 'హోలీ స్మోక్' (1999)లో ఒక యువతిని ఆమె కుటుంబమే అబద్ధం చెప్పి ఇంటికి రప్పించి, మనసు మార్చే నిపుణుడికి అప్పగిస్తుంది. ఏకాంతంలో ఉంచి ఎదుటివారి నమ్మకాన్ని విరగ్గొట్టాలని చూసే ఆ నిపుణుడి పద్ధతికీ, అతను వ్యతిరేకించే గురువు పద్ధతికీ తేడా క్రమంగా చెరిగిపోతుంది, చివరికి కూలబడేది అతనే. సినిమా మధ్యలో దారి తప్పిందని నాకు అనిపించినా, ఆ పోలికను ధైర్యంగా ముందుకు తెచ్చింది.

కుటుంబాల విషయానికి వస్తే, జపాన్ దర్శకుడు హిరోకాజు కొరెయెడా తీసిన 'డిస్టెన్స్' (2001) ఉంది. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో ఓం షిన్రిక్యో అనే కల్ట్ సభ్యులు జరిపిన విషవాయు దాడి నీడ ఆ కథ మీద స్పష్టంగా ఉంటుంది. సామూహిక హత్యకు పాల్పడి తామూ మరణించిన సభ్యుల బంధువులు ఏటా ఒక సరస్సు దగ్గర కలుసుకుంటారు. ఒకసారి వాళ్ల వాహనం దొంగతనానికి గురై, ఆ గుంపు ఒకప్పుడు నివసించిన ఇంట్లోనే, ఆఖరి ఘడియలో తప్పించుకున్న మాజీ సభ్యుడితో కలిసి రాత్రి గడపాల్సి వస్తుంది. నాయకుడి ఉపన్యాసాల జోలికి పోకుండా, వెళ్లిపోయినవాళ్లు తమవాళ్లతో మాట్లాడిన చివరి మాటల చుట్టూనే సినిమా తిరుగుతుంది. నడక చాలా నెమ్మది కాబట్టి ఓపిగ్గా కూర్చోవాలి. మీరు అడిగిన కోణానికి మాత్రం మిగతావాటికంటే ముందు దీన్నే చూడమని చెబుతాను.