ఆటోని పట్టాలంటే మెదడుని అనుకరించాలా, డేటా పెంచితే చాలా?

మారతహళ్ళి_మోడల్:
బెంగళూరు జంక్షన్ కెమెరాల్లో ఆటోలు లెక్కపెట్టాలి. చెన్నై ఫొటోలతో ట్రైన్ చేసిన మోడల్ అక్కడి పసుపు ఆటోలని ఇట్టే పడుతుంది. ఇక్కడి ఆకుపచ్చ బాడీ, పసుపు టాపు చూస్తే తడబడుతోంది. బస్సు వెనక సగం దాగితే ఇక చెప్పక్కర్లేదు. మనిషి కంటికి ఈ తిప్పలుండవు కాబట్టి మెదడు పద్ధతే మోడల్ లోపలి న్యూరల్ నెట్‌వర్క్‌లో పెట్టాలంటాను. కాదంటారా?

జీపీయూ_గోపి:
కాదంటాను. మెదడు నుంచి తెచ్చుకోవాల్సింది ఎప్పుడో తెచ్చుకున్నాం. హ్యూబెల్, వీజల్ 1959లో పిల్లి మెదడులో గీత వాలుని బట్టి స్పందించే కణాలు చూపించారు. 1980లో ఫుకుషిమా నియోకాగ్నిట్రాన్ అనే బొమ్మలు గుర్తుపట్టే నెట్‌వర్క్‌ని ఆ పునాది మీదే కట్టారు. కానీ 2012లో ఫొటోలు గుర్తుపట్టే పోటీలో అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్క్ గెలవడానికి ఇమేజ్‌నెట్ అనే లేబుల్ చేసిన ఫొటోల భాండారం నుంచి 12 లక్షల ఫొటోలూ రెండు జీపీయూలూ (గ్రాఫిక్స్ చిప్పులు) కావాల్సొచ్చాయి. స్థానిక ఫొటోలు రెండు వేలు లేబుల్ చేయించి, హ్యూ జిట్టర్ (ట్రైనింగ్ ఫొటోల రంగుల్ని అటూ ఇటూ మార్చడం) పెట్టండి.

వీ1_వాణి:
హ్యూ జిట్టర్ ఫొటో మొత్తాన్నీ తిప్పుతుంది గోపి గారూ. రోడ్డూ చెట్లూ కూడా రంగు మారతాయి, రెండు రంగుల బాడీ మాత్రం పుట్టదు. అసలు రోగం ఆకారం వదిలేసి టెక్స్చర్ (పైతలం రంగూ నునుపూ గరుకూ) మీద ఆధారపడటం. 2019లో గైర్‌హోస్ బృందం పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం వేస్తే నెట్‌వర్క్ ఏనుగంది. అదే రెస్‌నెట్-50 అనే నెట్‌వర్క్‌కి పెయింటింగ్ శైలిలోకి మార్చిన ఫొటోలతో నేర్పితే ఆకారం వైపు మొగ్గు 22 నుంచి 81 శాతానికి వెళ్ళింది.

జీపీయూ_గోపి:
అదీ డేటానే కదండీ!

వీ1_వాణి:
సరే, ఆ పాయింటు మీకే ఇస్తాను. మరి సగం దాగినవాటి సంగతి? ఐఐఎస్సీ వాళ్ళ 2021 పేపర్లో ఆబ్జెక్టులకి ట్రైన్ చేసిన నెట్‌వర్కుల్లో కనపడని గుణాల్లో మరుగుని (ఒక వస్తువు వెనక ఇంకోటి దాగడాన్ని) మనలా అర్థం చేసుకోవడం ఒకటి. నెట్‌వర్కులు తప్పే బొమ్మల్ని కోతి ఐటీ కార్టెక్స్ (వస్తువుల్ని గుర్తుపట్టే మెదడు భాగం) సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా తేలుస్తుందని 2019లో ఇంకో బృందం చూపించింది. మెదడులో పై దశల నుంచి వెనక్కి తిరిగే సంకేతాలే దానికి కారణమని ఆ బృందం వాదన.

జీపీయూ_గోపి:
సెకనుకి 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకి 40 మిల్లీసెకన్లే. అలా వెనక్కి తిరిగే సంకేతాల్ని నాలుగుసార్లు తిప్పితే కెమెరా పెట్టెలోని చిప్పు చేతులెత్తేస్తుంది. దానికన్నా బస్సు ముక్కల్ని కత్తిరించి ఆటోల మీద 30–60 శాతం కప్పేలా అతికించండి. అంచులు బ్లర్ చెయ్యాలి, ఖాళీ రోడ్డు మీదా కొన్ని అతికించాలి. లేకపోతే అతుకునే ఆటో గుర్తుగా నేర్చుకుంటుంది, దరిద్రం.

సిగ్నల్_శీను:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. సిగ్నల్ దగ్గర ఆటో వెనక ఆటో ఉంటే మోడల్ రెండిటినీ పట్టినా, ఎన్ఎమ్ఎస్ (ఒకదాని మీద ఒకటి పడే బాక్సుల్లో ఎక్కువ స్కోరుదాన్ని ఉంచి మిగతావి తీసేసే దశ) ఒకదాన్ని కొట్టేస్తుంది. ముందు ఎన్ఎమ్ఎస్ కి ముందరి బాక్సులు గీసి చూడండి. అక్కడ రెండో ఆటో ఉంటే ఐఓయూ (రెండు బాక్సులు ఎంత కలిసిపోయాయో చెప్పే కొలత) హద్దు 0.45 నుంచి 0.6కి పెంచడమో, బాక్సుని తీసెయ్యకుండా స్కోరు మాత్రమే తగ్గించే సాఫ్ట్ ఎన్ఎమ్ఎస్ వాడటమో చెయ్యండి. అప్పటికీ మిగిలిన తక్కువ స్కోరు బాక్సుల మీదే వాణి గారు చెప్పిన వెనక్కి తిరిగే సంకేతాల్ని తిప్పితే గోపి గారి 40 మిల్లీసెకన్లలో ఇముడుతుందేమో కొలవచ్చు.