మా తమ్ముడి విషయం: పుట్టుకతో వచ్చిందా, బయటి నుంచి వచ్చిందా?

వంశధార: మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. దసరాకి ఇంటికొచ్చి, తనకి మగవాళ్ల మీదే ఇష్టం కలుగుతుందని అమ్మకి చెప్పేశాడు. నాన్నేమో ఇదంతా హాస్టల్ సావాసాల వల్లేనని, మందులు వాడితే పోతుందని అంటున్నారు. వచ్చే గురువారానికి డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నారు. నేను తమ్ముడి పక్షమే. కానీ ఎం.ఏ.లో మేం చదివింది "లైంగికత సమాజం నిర్మించేది" అని. ఆ మాట ఇంట్లో నోరుజారితే, "చూశావా, మీ పుస్తకమే చెప్తోంది" అన్నారు నాన్న. ఏం చెప్పాలో తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కోనసీమ కొబ్బరి: చాలావరకు పుట్టుకతోనేనండి. 1991లో బెయిలీ, పిలార్డ్ అనే ఇద్దరు అమెరికాలో కవలల మీద అధ్యయనం చేశారు. ఒకేలా ఉండే కవలల్లో ఒకరు గే అయితే రెండోవాళ్లూ గే కావడం 52 శాతం, మామూలు కవలల్లో 22 శాతం. వాళ్లు మనుషుల్ని పత్రికా ప్రకటనల ద్వారా పోగేశారు కాబట్టి ఆ అంకెలు కాస్త ఎక్కువే వచ్చాయి, తర్వాతి అధ్యయనాల్లో తగ్గాయి. 2019లో దాదాపు 4.7 లక్షల మంది జన్యువులు చూస్తే "గే జన్యువు" అంటూ ఒకటి దొరకలేదు. ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తున్నాయని తేలింది.

రిటైర్డ్ తహసీల్దార్: మీ లెక్కే తీసుకుందాం. అచ్చు ఒకే జన్యువులున్న కవలల్లో కూడా సగం మందికి లేదంటే, మిగతాది పెంపకమేగా? మా రోజుల్లో ఈ మాటే వినలేదు. ఇప్పుడు ఫోన్లలో అన్నీ చూస్తున్నారు. ఆ తండ్రి బాధ కూడా ఒక్కసారి ఆలోచించండి.

పాత నోట్సు: సార్, జన్యువు కానిదంతా పెంపకం కాదు. ఒక తల్లికి ఎక్కువమంది మగపిల్లలు పుట్టేకొద్దీ, చివరివాళ్లు గే అయ్యే అవకాశం కొంచెం పెరుగుతుంది. ఆ అన్నలు సొంత తల్లి కడుపున పుట్టినవాళ్లయితేనే ఈ తేడా కనిపిస్తోంది. దత్తు వచ్చినవాళ్లు, సవతి అన్నలు ఒకే ఇంట్లో కలిసి పెరిగినా కనిపించదు. అంటే ఇది ఇంటి పెంపకం పని కాదు, కడుపులో జరిగే పని.

ఇక ఫోన్ల సంగతి. అమెరికాలో కిన్సీ అనే పరిశోధకుడు వేలమంది మగవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల లైంగిక జీవితం గురించి అడిగి పుస్తకం వేసింది 1948లో. మనుషుల్ని రెండు గదుల్లో సర్దలేక, ఆడవాళ్ల మీదే ఇష్టమైతే 0, మగవాళ్ల మీదే అయితే 6 అని కొలత పెట్టాల్సొచ్చింది. అప్పటికి ఫోన్లెక్కడివి సార్?

వంశధార గారూ, అసలు చిక్కు మీ పుస్తకంలోని మాటతోనే. ఆ మాటకి మూలమైన వాళ్లు, 1968లో బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త మేరీ మెకింటాష్, 1976లో ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో చెప్పింది ఇష్టం ఎలా పుడుతుందన్న సంగతి కాదు. ఒక ఇష్టాన్ని పట్టుకుని "వీళ్లొక రకం మనుషులు" అని సమాజం ఎలా పేరు పెడుతుంది, ఆ పేరుతో ఏం చేస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న. మన దగ్గరే చూడండి. నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం చేసి, హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించారు. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నారు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నిర్మాణం అంటే ఆ రిజిస్టరు. అందులోకెక్కిన మనిషి మనసు కాదు.

ఒకవేళ బయటి నుంచే వచ్చిందనుకుందాం. తెలుగు మీ నాన్నగారికి పుట్టుకతో రాలేదు, చుట్టూ ఉన్నవాళ్ల నుంచే వచ్చింది. మాత్రలు వేస్తే అది పోయి కన్నడం మాతృభాష అవుతుందా? ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, మార్చొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి.

కిటికీ పక్క సీటు: అలాంటి డాక్టర్ దగ్గరికి నేను వెళ్లొచ్చాను, పదకొండేళ్ల కిందట. చేతికి రబ్బరు బ్యాండు వేసి, ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదలమన్నాడు. మణికట్టు మీద ఎర్రగా చారలు పడేవి. కాలేజీలో పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేవాణ్ణి. మాత్రలకి మధ్యాహ్నం దాకా లేవలేకపోయేవాణ్ణి. అమ్మ బయట బెంచీ మీద, ఫీజు డబ్బులు కొంగున ముడేసుకుని కూర్చునేది. ఆరు నెలలు చూసి, అమ్మ కోసం "తగ్గిపోయింది సార్" అన్నాను. ఆయన ఫైల్లో నయమైందని రాసుకున్నాడు.

స్పిట్జర్ అని అమెరికా సైకియాట్రిస్టు ఒకాయన. 1973లో అక్కడి మానసిక రోగాల జాబితా నుంచి స్వలింగ ఇష్టాన్ని తీయించడంలో ముఖ్యుడు. ఆయనే 2003లో, కొందరు మారగలరని పరిశోధన పేపరు రాశాడు. ఆధారం, 200 మంది ఫోన్లో చెప్పిన మాటలు. 2012లో అది తప్పని ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. ఆ 200 మందిలో నాలాంటి వాళ్లెందరో అనిపించింది చదివినప్పుడు. మన దేశంలోనూ ఇలాంటి "వైద్యం" వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. మీ నాన్నగారికి ఈ సంగతి ముందు చెప్పండి.

రిటైర్డ్ తహసీల్దార్: బాబూ, నీకు జరిగింది తప్పు. మందులు వద్దనే నేనూ అంటాను. కానీ పెంపకం ప్రభావం అసలు లేదంటే మాత్రం ఒప్పుకోలేను.

పాత నోట్సు: ఒప్పుకోనక్కర్లేదు సార్. గురువారం అపాయింట్‌మెంట్ ఆపడానికి అది తేలనవసరం లేదు.

వంశధార: అందరికీ థాంక్సండి. నాన్న ఇంకా ఫోన్ చేసి క్యాన్సిల్ చెయ్యలేదు. రబ్బరు బ్యాండు గురించి మీరు రాసింది ఈ రాత్రి అమ్మకి చదివి వినిపిస్తాను.