పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష) పదాలు బుర్రకెక్కడం లేదు. ఫ్లోట్, ఎర్న్‌డ్ వాల్యూ, రిస్క్, చేంజ్ కంట్రోల్... ఎవరైనా మన మాటల్లో చెప్తారా?

కోనసీమ_అమ్మాయి:
అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు ఇంటి నుంచే. పీఎంపీ రాయడానికి కావాల్సిన 35 గంటల ట్రైనింగ్ అయిపోయింది, అప్లికేషన్ కూడా ఓకే అయింది, కానీ మాక్ టెస్టుల్లో 58, 60 దాటి పైకి వెళ్లడం లేదు. కోచింగ్ వాళ్లు పీఎంబాక్ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడ్ ఆరో ఎడిషన్‌లో ఉన్న 49 ప్రాసెస్‌ల చార్ట్ ఇచ్చి ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లతో సహా బట్టీ పట్టమన్నారు. రెండు నెలలు గోడకి అంటించుకుని చదివాను. తీరా ప్రశ్న చూస్తే "మేనేజర్ ముందుగా ఏం చేయాలి" అని ఉంటుంది, నాలుగు జవాబులూ సరైనవిలాగే కనిపిస్తాయి.

నిన్న తప్పు చేసినవి ఇవి. ఒకటి, ఖర్చు ప్లాన్ ప్రకారమే ఉంది, ప్రాజెక్ట్ బాగుందా లేదా అని. ఇంకోటి టోటల్ ఫ్లోట్, ఫ్రీ ఫ్లోట్ తేడా. రిస్క్ ఎప్పుడు ఇష్యూ అవుతుందన్నది, కస్టమర్ చిన్న మార్పు అడిగితే మొదటి పని ఏమిటన్నది కూడా పోయాయి. నిర్వచనాలు నాకు వచ్చండి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ప్రశ్నలోకి వచ్చేసరికి చేయి కదలడం లేదు. పరీక్ష ఇంకా అయిదు వారాలుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

లాకుల_ఇంజినీర్:
అమ్మా, ముందు ఆ చార్ట్ గోడ మీంచి తీసెయ్యండి. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్ల మీద నడిచింది. ప్రాసెస్‌ల పేర్లు తెలిసుండాలి, కాదనను, కానీ పరీక్షలో మార్కులు తెచ్చేది ఆ వరుస కాదు.

నేను కాలువ పనుల్లో పదిహేనేళ్లుగా ఉన్నాను. మన డెల్టాలో ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేలోపు పని అయిపోవాలి. ఆ తేదీ మన చేతిలో ఉండదు. దీన్నే పరీక్షలో కన్‌స్ట్రెయింట్ అంటారు.

ఎర్న్‌డ్ వాల్యూ నాకు ఎక్కింది ఒక గోడ దగ్గరే. లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలు గుండ్రంగా చెప్తాను. 400 మీటర్ల రిటైనింగ్ వాల్, 40 రోజులు, 40 లక్షలు. అంటే రోజుకి 10 మీటర్లు, మీటరుకి 10 వేలు. ఇరవయ్యో రోజు సాయంత్రం టేపు పెట్టి కొలిస్తే 160 మీటర్లే వచ్చింది. అప్పటికి ఖర్చు 20 లక్షలు. ఆఫీసులో కాగితం చూసినవాళ్లు "20 అనుకున్నాం, 20 అయింది, బాగానే ఉంది" అంటారు. మీరు తప్పు చేసిన మొదటి ప్రశ్న ఇదే. ఆ రోజుకి జరగాల్సిన పని విలువ 20 లక్షలు, అది పీవీ (ప్లాన్డ్ వాల్యూ). నిజంగా జరిగిన పని విలువ, అంటే 160 మీటర్లకి 16 లక్షలు, అది ఈవీ (ఎర్న్‌డ్ వాల్యూ). జేబులోంచి పోయింది 20, అది ఏసీ (యాక్చువల్ కాస్ట్). ఈవీని ఏసీతో భాగిస్తే సీపీఐ (ఖర్చు సూచిక) 0.8, పీవీతో భాగిస్తే ఎస్పీఐ (షెడ్యూల్ సూచిక) కూడా 0.8. రూపాయి పెడితే ఎనభై పైసల పనే వస్తోంది, పైగా రావాల్సినంత వేగంగా రావడం లేదు. ఖర్చుని ప్లాన్‌తో పోల్చినంతకాలం ఇది కనబడదు, పనితో పోల్చాలి.

ఇక్కడే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. చివరికి ఎంతవుతుంది అని అడిగితే వెంటనే 40ని 0.8తో భాగించి 50 లక్షలు అనేస్తారు. ముందు కారణం చూడాలి. మాకు పునాదిలో ఊట నీరు వచ్చింది, రెండు మోటార్లు రాత్రీ పగలూ నడిచాయి, డీజిల్ తాగేశాయి. ఆ ఊట మిగిలిన 240 మీటర్లలోనూ ఉంటే 50 అనడం సరైనదే. లేదు, ఆ ఒక్క చోటే పాత బోదె కలిసింది, ముందుకెళ్తే గట్టి నేల అంటే మిగిలిన 24 లక్షల పని పాత రేటుకే అవుతుంది, 20 ప్లస్ 24, అంటే 44. ప్రశ్నలో "ఇదే తీరు కొనసాగితే" అని ఉందా, "ఇది ఒక్కసారి వచ్చిన ఇబ్బంది" అని ఉందా అన్న మాటని వెతకండి. ఫార్ములా ఏది వాడాలో ఆ మాటే చెప్తుంది.

ఫ్లోట్ సంగతి. ఒక చిన్న కల్వర్టు అనుకోండి. మట్టి తవ్వకం 6 రోజులు, బెడ్ కాంక్రీట్ 4, పక్క గోడలు 12, ఆ తర్వాత స్లాబ్. అంటే స్లాబ్ మొదలయ్యేసరికి 22 రోజులు. ఇంకోపక్క స్టీల్ లారీ రావడానికి 10 రోజులు, రాడ్ బెండింగ్ 5, మొత్తం 15. ఈ దారికి 7 రోజులు వెసులుబాటు ఉంది, అదే టోటల్ ఫ్లోట్. లారీ మూడు రోజులు ఆలస్యమైతే స్లాబ్ ఆగదు. కానీ రాడ్ బెండింగ్ వాళ్లు వచ్చి షెడ్డు కింద ఊరికే కూర్చుంటారు, ఎందుకంటే లారీకి ఫ్రీ ఫ్లోట్ సున్నా. తన తర్వాతి పనిని కదపకుండా ఎంత ఆగొచ్చో అది ఫ్రీ ఫ్లోట్, ప్రాజెక్ట్ చివరి తేదీని కదపకుండా ఎంత ఆగొచ్చో అది టోటల్. లారీ 8 రోజులు ఆలస్యమైతే? స్లాబ్ ఒకరోజు వెనక్కి జరుగుతుంది, క్రిటికల్ పాత్ (చివరి తేదీని నిర్ణయించే అన్నిటికంటే పొడవైన దారి) కూడా స్టీల్ దారికి మారిపోతుంది. ఈ ప్రశ్న తరచూ అడుగుతారు.

క్రాషింగ్, ఫాస్ట్ ట్రాకింగ్ కూడా చెప్పేస్తాను. రెండో బ్యాచ్ మేస్త్రీలని దింపితే క్రాషింగ్, డబ్బు పెరుగుతుంది. ఒకటయ్యాక ఒకటి చేయాల్సినవి కలిపి చేస్తే ఫాస్ట్ ట్రాకింగ్, చేసింది మళ్లీ చేయాల్సి వచ్చే రిస్క్ పెరుగుతుంది. రెండూ క్రిటికల్ పాత్ మీద ఉన్న పనులకే, వేరే దారిలో పని తొందరపెడితే తేదీ ముందుకి రాదు. క్యూరింగ్‌కి (కాంక్రీట్‌ని తడిపి ఉంచడానికి) పదిమందిని ఎక్కువ పెట్టినా కాంక్రీట్ త్వరగా గట్టిపడదు, అలాంటి పనిని క్రాష్ చేయమనే జవాబుని నేరుగా కొట్టేయండి.

లంక_రైతుబిడ్డ:
పైన అన్నగారు చాలా బాగా చెప్పారు. రిస్క్ గురించి నేను చెప్తానండి, ఎందుకంటే ఇది మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పాఠం. మాది గోదావరి మధ్యలో లంక. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా నాన్న మొదటి హెచ్చరిక వినగానే పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలేస్తారు, ఎండుగడ్డి ముందురోజే తరలించి ఉంచుతారు. రెండోదానికి బియ్యం బస్తాలు, కాగితాలు, ఆడవాళ్లు, పిల్లలు పడవలో బయటికి. ఎవరూ కూర్చుని మీటింగ్ పెట్టరు, ఏ అంకెకి ఏం చేయాలో ముందే అనుకుని ఉంటారు.

వరద రావచ్చు అన్నది రిస్క్, రిస్క్ రిజిస్టర్‌లో (రిస్కులు రాసుకునే జాబితా) ఉంటుంది. 11.75 అన్నది ట్రిగ్గర్. నీళ్లు వాకిట్లోకి వచ్చాక అది ఇష్యూ, ఇష్యూ లాగ్‌లోకి వెళ్తుంది. పశువుల్ని తరలించడం ముందే రాసుకున్న కంటింజెన్సీ ప్లాన్. అంత చేసినా అరటితోట మునుగుతుంది, అది రెసిడ్యువల్ రిస్క్. గట్టు మీదకి వెళ్లడం వల్లే కొత్తగా పాముల భయం వస్తుంది, ఎందుకంటే అవి కూడా అక్కడికే చేరతాయి. మనం తీసుకున్న చర్య వల్ల పుట్టింది కాబట్టి ఇది సెకండరీ రిస్క్. అసలు ఊహించనిది జరిగి అప్పటికప్పుడు ఏదో చేస్తే అది వర్క్‌అరౌండ్. ప్రశ్నలో ఆ సంఘటన రిస్క్ రిజిస్టర్‌లో ముందే ఉందని చెప్పారా లేదా చూసుకోండి, ఉంటే ప్లాన్ అమలు చేయడమే మొదటి పని, లేకపోతే ఇష్యూగా రాసుకుని ప్రభావం అంచనా వేయడం.

కాకినాడ_డెలివరీ_మేనేజర్:
నేను రెండో ప్రయత్నంలో పాసయ్యాను. మొదటిసారి నన్ను దెబ్బతీసింది చేంజ్ కంట్రోలే, అందుకే దాని మీద రాస్తున్నా. కస్టమర్ మార్పు అడిగితే మన మనసు రెండు దారుల్లో పోతుంది, "చిన్నదే కదా చేసేద్దాం" అని, లేకపోతే "కుదరదు" అని. రెండూ తప్పే. ముందు దాని ప్రభావం చూడాలి: ఎన్ని రోజులు, ఎంత డబ్బు, క్వాలిటీకి ఏమవుతుంది, కొత్త రిస్కులేమిటి. తర్వాత చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, చేంజ్ కంట్రోల్ బోర్డు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాకే బేస్‌లైన్ (అందరూ ఒప్పుకున్న అసలు ప్లాన్) మార్చాలి, పని మొదలుపెట్టాలి, సంబంధించిన వాళ్లకి చెప్పాలి. అజైల్ (పనిని చిన్న చిన్న దఫాలుగా చేసే పద్ధతి) ప్రశ్న అయితే మాత్రం ఆ మార్పు బ్యాక్‌లాగ్‌లోకి (చేయాల్సిన పనుల జాబితా) వెళ్తుంది, దాని స్థానం ప్రోడక్ట్ ఓనర్ నిర్ణయిస్తారు. ప్రశ్న ఏ పద్ధతి గురించో ముందు గుర్తుపట్టండి.

మన గోదావరి జిల్లాల వాళ్లం ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. అడక్కుండా ఇంకో గరిటె వడ్డించడం మనకి మర్యాద. ప్రాజెక్టులో కస్టమర్ అడగనిది మనంతట మనమే కలిపితే గోల్డ్ ప్లేటింగ్, దాన్ని తప్పుగానే చూస్తారు. కస్టమర్ అడుగుతూ ఉంటే, అనుమతి లేకుండా పని పెరుగుతూ పోతే అది స్కోప్ క్రీప్. ఎవరి వైపు నుంచి వచ్చిందో చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇంకోటి, కంట్రోల్ క్వాలిటీ, వాలిడేట్ స్కోప్. 28వ రోజు కాంక్రీట్ క్యూబ్ టెస్ట్ చేసి బలం సరిపోయిందని మన వాళ్లు తేల్చుకోవడం మొదటిది. కస్టమర్ వచ్చి చూసి సంతకం పెట్టడం రెండోది. మామూలుగా ఆ వరుసలోనే జరుగుతాయి.

కోనసీమ_అమ్మాయి:
మీ ముగ్గురికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదండి. రాత్రి కూర్చుని మా ఇంటి రొయ్యల చెరువు మీద నేనే లెక్క కట్టాను, సరిచూస్తారా? పట్టుబడి అయ్యాక చెరువు ఎండటానికి బాగా ఎండ కాస్తే 10 రోజులు, మామూలుగా 15, వానలు పడితే 32 అన్నారు నాన్న. త్రీ పాయింట్ ఎస్టిమేట్‌లో 10 కి నాలుగు పదిహేనులు కలిపి, 32 కలిపితే 102, ఆరుతో భాగిస్తే 17 రోజులు. నాన్నకి చెప్తే "నేనూ పదిహేడు, పద్దెనిమిదే అనుకుంటా ఎప్పుడూ" అన్నారు, నాకు భలే సంతోషమేసింది. వానకి అదనంగా మోటారు పెట్టే డబ్బుని కంటింజెన్సీ రిజర్వ్‌లో రాశాను. వైట్ స్పాట్ (రొయ్యల రోగం) వస్తే ఎంత నష్టమో ఎవరూ చెప్పలేరు కాబట్టి దాన్ని మేనేజ్‌మెంట్ రిజర్వ్‌లో పెట్టాను.

లాకుల_ఇంజినీర్:
17 సరిగ్గా ఉందమ్మా. రిజర్వ్ దగ్గర ఒకటి మార్చాలి. ఎంత నష్టమో చెప్పలేకపోవడం వేరు, వస్తుందని తెలియకపోవడం వేరు. వైట్ స్పాట్ పేరు తెలియని రొయ్య రైతు మన వైపు ఉండడు, మీ నాన్నగారు సీడ్ టెస్ట్ చేయించేది దానికోసమే. కాబట్టి అది తెలిసిన రిస్క్, రిజిస్టర్‌లో రాయాలి, దానికి పక్కన పెట్టిన డబ్బు కంటింజెన్సీ రిజర్వ్, కాస్ట్ బేస్‌లైన్ లోపలే ఉంటుంది. మేనేజ్‌మెంట్ రిజర్వ్ ఎవరూ ఊహించని వాటికి, అది బేస్‌లైన్ బయట, మొత్తం బడ్జెట్‌లో ఉంటుంది, తీయాలంటే మేనేజర్‌కి పైవాళ్ల అనుమతి కావాలి. ఇప్పుడు అదే చెరువుకి సీడ్ వదిలే తేదీ నుంచి వెనక్కి లెక్కేసి క్రిటికల్ పాత్ గీయండి, బ్లీచింగ్, నీళ్లు పెట్టడం, ఏరియేటర్ల రిపేరు అన్నీ కలిపి. ఏరియేటర్లకి ఎన్ని రోజులు ఫ్లోట్ వచ్చిందో ఇక్కడ రాయండి, చూద్దాం.