కంప్యూటర్ వ్యాసాలు నలుగురం కలిసి రాసేటప్పుడు వచ్చే చిక్కులు: మీ అనుభవాలు చెప్పండి

కొత్తకలం
తెలుగు వికీపీడియాలో చేరి మూడు నెలలైంది. మొన్న రాత్రి పదకొండింటిదాకా కూర్చుని 'డేటాబేస్' (సమాచారాన్ని పద్ధతిగా దాచిపెట్టే చోటు) వ్యాసం పెంచాను. పొద్దున్న లేచి చూస్తే డేటాబేస్ అన్నచోటల్లా 'దత్తాంశనిధి', క్వెరీ (దాన్ని అడిగే ప్రశ్న) అన్నచోట 'పృచ్ఛ'. నా వ్యాసం నాకే అర్థం కాలేదు. రద్దు చేశాను. సాయంత్రానికి మళ్ళీ దత్తాంశనిధి. మళ్ళీ రద్దు చేశాను. ఇప్పుడు మళ్ళీ అదే. ఇలాంటివి మీకూ ఎదురయ్యాయా? ఏం చేశారు?

పాతకాపు
అమ్మా, మూడోసారి ఆ రద్దు జోలికి పోకండి. ఇంగ్లీషు వికీలోనైతే 24 గంటల్లో ఒకే పేజీని మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే నిరోధించవచ్చు. మన దగ్గర రాసేవాళ్ళే తక్కువ, ఇద్దరు అలిగితే కంప్యూటర్ వర్గం సగం ఖాళీ. వ్యాసం చర్చా పేజీకి వెళ్ళి "ఈ మాట ఎక్కడ వాడారండీ?" అని అడగండి. దిద్దుబాటు సారాంశంలో, అంటే మార్పుతోపాటు రాసే చిన్న గమనికలో, దెప్పిపొడుపులు వద్దు. అవి చరిత్రలో అలాగే ఉండిపోతాయి. నావి ఇప్పటికీ ఉన్నాయి, చూసుకుంటే సిగ్గేస్తుంది.

మాటల సంగతికొస్తే, నేను పెట్టుకున్న కొలత ఒకటే: వెతికేవాడు ఏం టైపు చేస్తాడు? అది శీర్షిక. మిగతావన్నీ దారిమార్పులు, అంటే వెతికితే ఆ పేజీకే తీసుకెళ్ళే పేర్లు. మొదటి వాక్యంలో రెండు మాటలూ చెప్పి, తరవాత ఒక్కటే వాడాలి. 'అంతర్జాలం' జనంలోకి వెళ్ళింది, హాయిగా వాడతాం. సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన 'మృదులాంత్రం' వెళ్ళలేదు. నేనే ఒక వ్యాసంలో పట్టుబట్టి పెట్టాను, తరవాత నేనే తీసేశాను.

పొల్లుహల్లు
మాటలు కుదిరినా వర్ణక్రమం కుదరదండీ. సాఫ్టువేరు, సాఫ్ట్‌వేరు, సాఫ్ట్‌వేర్, సాఫ్ట్వేర్. నాలుగూ ఒకటే మాట, వికీకి మాత్రం నాలుగు వేరు వేరు పేజీలు. ట కింద పొల్లు నిలబడి వ విడిగా రావాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పడాలి, యూనికోడ్‌లో 200సి. అది పడకపోతే వ పోయి ట కింద వత్తుగా అంటుకుంటుంది.

ఇదంతా ఎందుకంటే, నేనూ ఇంకో వాడుకరీ వారంపాటు ఒకే విషయం మీద రెండు వ్యాసాలు రాశాం. నా శీర్షికలో ఆ కనపడని అక్షరం ఉంది, ఆయన శీర్షికలో లేదు. నాకు ఎర్ర లింకు కనిపించింది కాబట్టి పేజీ లేదనుకున్నాను. చివరికి విలీనం చేశాం. అప్పుడు తెలిసిన సంగతి: ఆయన పేరాలు నా పేజీలోకి తెచ్చేటప్పుడు ఏ పేజీ నుంచి తెచ్చానో దిద్దుబాటు సారాంశంలో రాయాలి. మన లైసెన్సు సిసి బై-ఎస్‌ఏ, రాసినవాళ్ళకు దక్కాల్సిన పేరు దక్కాలి. నేను రాయలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ, తెలిశాక నేనే వెళ్ళి చర్చా పేజీలో రాసి వచ్చాను.

అజంతం
అందుకే చివర ఉకారం పెట్టమంటాను. మనది అజంత భాష. కంప్యూటరు, కంప్యూటరుకు, కంప్యూటరులో. పలకడానికీ బాగుంటుంది, విభక్తీ అతుకుతుంది.

పొల్లుహల్లు
మీరు మాట్లాడేటప్పుడు 'మౌసు' అంటారా, నిజం చెప్పండి.

అజంతం
అంటాను. మా ఇంట్లో అందరం అంటాం.

గింజలచెట్టు
అనువాద పరికరం సంగతి ఎవరూ ఎత్తలేదేం? యంత్రానువాదాన్ని దిద్దకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో నా సేకరణ చూడండి: కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ) 'గింజ', పోర్టు 'ఓడరేవు', షెల్ 'పెంకు', స్ట్రింగు 'తీగ'. లైనక్స్ గురించి "1991లో టోర్వాల్డ్స్ గింజను విడుదల చేశాడు" అని చదివి టీ ఒలకబోసుకున్నాను.

అంతకన్నా పెద్ద పొరపాటు నాది. బగ్‌ల మీద, అంటే ప్రోగ్రాముల్లో దొర్లే తప్పుల మీద వ్యాసం, అంతటా 'పురుగు' అని వచ్చింది. ముగ్గురం పంచుకున్నాం, ఒకరు మూలాలు, ఒకరు మూసలు, నేను భాష. మొత్తం ఎంచుకుని పురుగును బగ్‌గా మార్చేసి హాయిగా పడుకున్నాను. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రం రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది, దాన్ని తీసి లాగ్‌బుక్కులో టేపుతో అంటించారు. వ్యాసం మొత్తంలో పురుగు ఉండాల్సిన చోటు అదొక్కటే. అక్కడ కూడా "బగ్‌ను టేపుతో అంటించారు" అయి కూర్చుంది. మూలాలు చూసేవాళ్ళు పట్టుకున్నారు. బగ్ అనే మాట పుట్టిందే ఆ రోజున అన్న వాక్యాన్నీ వాళ్ళే తీసేశారు. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడట.

వెయ్యినూటపదహార్లు
కిలోబైట్ అంటే 1000 బైట్లా, 1024 బైట్లా అని నేనూ ఇంకో వాడుకరీ పదిరోజులు కొట్టుకున్నాం. ఆయన 500 జీబీ డిస్కు కొంటే విండోస్‌లో 465 కనపడింది, కంపెనీ మోసం చేసిందని వ్యాసంలో రాశారు! ఎవరూ మోసం చేయలేదు, డిస్కు వాళ్ళు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో. ఈ గొడవ తీర్చడానికే 1998లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1024కి కిబీబైట్ అని వేరే పేరు పెట్టింది. అదీ పెద్దగా ఎవరూ వాడరు, అది వేరే సంగతి. ఇప్పుడు రెండు లెక్కలూ ఒక పట్టికలో పెట్టాం. పట్టిక ఆయనదే, నాకంటే బాగా వేశారు.

తెరపట్టు
ఒక చిన్న మాట. విండోస్ తెర ఫొటోలు కామన్స్‌లో (వికీ బొమ్మల గిడ్డంగి) ఎక్కించకండి, కాపీహక్కులున్నాయని తీసేస్తారు. లిబ్రేఆఫీస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌వైతే ఉంచుతారు, కానీ చుట్టూ విండోస్ అంచులు కనపడకుండా కత్తిరించాలి.

లెక్కలమాస్టారు
కొత్తకలం గారూ, ఆ దత్తాంశనిధి పెట్టింది నేనే. ఇంటర్లో గణితం చెప్పి రిటైరయ్యాను. దత్తాంశం అనేది నేను పుట్టించిన మాట కాదు, తెలుగు మీడియం గణితం పుస్తకాల్లో సాంఖ్యకశాస్త్రం అధ్యాయం తీస్తే మొదటి పేజీలోనే ఉంటుంది. ఆ పిల్లలకు డేటా కంటే అదే దగ్గర. పృచ్ఛ మాత్రం నా అత్యుత్సాహం, వెనక్కి తీసుకుంటున్నాను. అడగకుండా మార్చినందుకు ఏమీ అనుకోకండి.

కొత్తకలం
మాస్టారూ, నేను ఇంగ్లీషు మీడియం. దత్తాంశం అన్న మాట నిజంగా ఇప్పుడే వింటున్నాను. రద్దు చేసేటప్పుడు సారాంశంలో "అర్థం లేని మార్పు" అని రాశాను, క్షమించండి. చర్చా పేజీకి వస్తారా?

కొత్తకలం (వారం తరవాత)
శీర్షిక డేటాబేస్. దత్తాంశనిధి దారిమార్పు, మొదటి వాక్యంలోనూ ఉంటుంది. రిలేషనల్ మోడల్ (సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతి) మీద కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో రాసిన పత్రాన్ని మూలంగా చేర్చాను.

అసలు సంగతి వేరే. ప్రైమరీ కీకి, అంటే పట్టికలో ఒక్కో వరుసను విడిగా గుర్తుపట్టే విలువకు, ఉదాహరణగా ఊళ్ళ పట్టిక ఒకటి వేసి పిన్‌కోడును కీ చేశాను. నాలుగేళ్ళుగా ఉద్యోగంలో ఈ పనే చేస్తున్నాను. మాస్టారు కంప్యూటరు పాఠం ఎప్పుడూ చదవలేదట, పట్టిక చూసి ఒక్కటే అడిగారు: "మా ఊరికీ పక్క ఊరికీ ఒకటే పోస్టాఫీసు, ఒకటే పిన్‌కోడు. ఏ ఊరు అంటే ఏం చెప్తుందమ్మా మీ పట్టిక?" నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ప్రతి ఊరికీ ఒక వరుస సంఖ్య ఇచ్చాం. పిన్‌కోడు పట్టికలోనే ఉంచి, అది కీగా ఎందుకు పనికిరాదో కింద రాశాం. ఆ పేరా ఆయనది.

ఇక ఫారిన్ కీ (ఇంకో పట్టికలోని కీని చూపించే విలువ) భాగం మిగిలింది. తెలుగులో ఏమనాలో ఎవరైనా చెప్పండి. 'విదేశీ తాళంచెవి' అని మాత్రం వద్దని మాస్టారు ముందే చెప్పారు.